బాలింత కంచంలో గుడ్డు పడితే కొంప మునుగుతుందా?

ఇప్పుడే మా పిన్ని కూతురి బిడ్డను చూసొచ్చా. ఒళ్ళు మండిపోతోంది. బిడ్డకి నాలుగో నెల వచ్చినా తల్లికింకా పత్యమే! వేడన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, ఇంత బీరకాయ కూర. పెరుగు వేసుకోబోతే వాళ్ళత్తగారు "పిల్లకి జలుబు చేస్తుందమ్మా" అంటూ గిన్నె అవతలికి జరిపేశారు. గుడ్డేమో వాతమట. పక్కనే కొడుకుగారు కోడికూర లాగించేస్తున్నారు. ఆయనకి వాతం రాదు మరి.

అన్నంలో, బీరకాయలో విటమిన్ బి12 సహజంగా ఉండదండీ. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, వీటిలోనే దొరుకుతుంది. తల్లి ఒంట్లోనే లేనిది పాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది, అత్తగారి దీవెనల్లోంచా? పసిపిల్లల మెదడులో నరాలకి పైపొర ఏర్పడే వయసిది. బి12 అందకపోతే నవ్వే పిల్ల నవ్వడం మానేస్తుంది, నిలిచిన మెడ వాలిపోతుంది, వేళ్ళ కణుపులు నల్లబడతాయి, ఒక్కోసారి చేతులు వణుకుతాయి. చాలామంది పిల్లలు చూడ్డానికి బొద్దుగానే ఉంటారు. మనవాళ్ళేమో "ఎంత నెమ్మదైన పిల్లో, ఏడుపే లేదు" అని మురిసిపోతారు! వెల్లూరు సీఎంసీ డాక్టర్లు 1962లోనే ఈ సంగతి రాసిపెట్టారు. తొందరగా పట్టుకుంటే బి12 ఇంజెక్షన్లతో కొద్దిరోజుల్లోనే పిల్ల హుషారవుతుంది. ఆలస్యమైతే మెదడు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

"ఐరన్ మాత్రలు వేసుకుంటోందిగా" అని ఒక సమాధానం. గవర్నమెంటు ఇచ్చే ఆ మాత్రలో ఐరన్ 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. బి12 లేదు. పైగా ఫోలిక్ యాసిడ్ రక్తహీనతని కాస్త సర్దేసి బి12 లోటు బయటపడనివ్వకపోవచ్చు, లోపల నరాలు మాత్రం చెడుతూనే ఉంటాయి. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆయన ఫొటోకి దండలేస్తాం, బాలింతకి గుడ్డు మాత్రం పెట్టం.

కడుపుతో ఉన్నప్పుడు చూడాలి ఆ హడావిడి! డబ్బీల కొద్దీ కుంకుమపువ్వు. బిడ్డ తెల్లగా పుట్టాలట. మెదడు ఎలా ఉన్నా పర్లేదు, రంగు ముఖ్యం. మా పెద్దదాని బారసాలలో మా ఆడపడుచు పదిమందిలో "అన్నీ బాగున్నాయి గానీ రంగే వాళ్ళమ్మది" అంది. కుంకుమపువ్వు సరిగ్గా తాగలేదని నాకు క్లాసు కూడా పీకింది. ఇప్పుడు ఆవిడ కోడలు నెల తప్పింది, మంచి డాక్టరు ఎవరని నిన్న ఫోన్ చేసింది. చెప్తా. ముందు ఆ కోడలికి బి12 టెస్టు చేయించమని, కుంకుమపువ్వు డబ్బులతో ఆ పని అయిపోతుందని కూడా చెప్తా.