తలుపు బయట కూర్చున్న అమ్మ

ఆసుపత్రులు ఎక్కువున్న ఊరు కాబట్టి తిరుపతిలో ‘ఓటీ’ అనగానే ఆపరేషన్ థియేటరే గుర్తొస్తుంది. మూడేళ్ల మనవడికి ఓటీ రాశారని తెలిసి మా వీధిలో అవ్వ ‘కోత కోస్తారా నాయనా?’ అని కంగారుపడింది. కోత కాదవ్వా, ఆక్యుపేషనల్ థెరపీ, తినడం, గుడ్డలేసుకోవడం, ఆడుకోవడం బిడ్డకు అలవాటు చేయిస్తారు అన్నాను. ‘అది ఇంట్లో పని గదా’ అంది.

అవ్వ మాటలో సగానికి పైగా నిజముంది. వారానికి రెండుసార్లు, ముప్పావుగంట చొప్పున థెరపీ అనుకుందాం. 168 గంటల్లో అది గంటన్నర. తక్కినదంతా ఇంట్లోనే. అయినా చాలాచోట్ల బిడ్డను లోపలికి తీసుకుని తలుపేస్తారు, అమ్మ వరండాలో కూర్చుంటుంది. అమ్మ ఉంటే ఏడుస్తాడంటారు. కొందరు ఏడుస్తారు కూడా. కానీ సెషన్‌కింత అని ఫీజు కట్టించుకునే పద్ధతిలో, అమ్మ పని నేర్చుకోవాలన్న తొందర ఎవరికుంటుంది?

అవ్వ మాత్రం ఆగలేదు, మనవడి వెంటే లోపలికి నడిచింది. తోడొచ్చిన నేనూ వెళ్లాను. వాడు సంగటి ముద్ద తగిలితే చాలు, చెయ్యి లాక్కుంటాడు. ఇంట్లో మొండి అన్నారు. కొందరు పిల్లలకు జిగురు తాకితే భరించలేనంత ఇబ్బందని థెరపిస్టు చెప్పింది. వేలాడుతున్న కాళ్ల కింద పీట వేసింది, నడుము కుదురుకుంటేనే చెయ్యి పనిలోకి వస్తుందట. పళ్లెంలో పొడి రాగిపిండి పోసి వేలితో గీతలు గీయించింది. నీళ్లు చిలకరించడం తర్వాతి వారాల పని. నిక్కరు తొడల దాకా మీరు లాగండి, నడుం దాకా వాణ్నే లాక్కోనివ్వండి, కుదిరాక మోకాళ్ల దగ్గరే వదిలేయండి అంది. పిండీ పీటా మన ఇళ్లలో ఉన్నవే. ఏది ముందు, ఎంతవరకు అన్న లెక్కే లేదు. థెరపిస్టు కావాల్సింది ఆ లెక్కకు.

అలాగని భారమంతా అమ్మ నెత్తిన వేయడమూ అన్యాయమే. కూలి మానుకుని కుప్పం వైపు నుంచి బస్సెక్కి వచ్చే తల్లికి మళ్లీ హోంవర్కా? స్నానం, అన్నం, నిద్ర వేళల్లో ఇమిడే పనే చెప్పాలి. ఫీజు కట్టడంతో తన వంతు తీరిందనుకునే నాన్ననూ లోపలికి పిలవాలి.

అంగన్‌వాడీ, బడి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసి, అవసరమైనవాళ్లను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచీ ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఉంది, మొత్తం లక్ష రూపాయల పరిమితిలో కొంత థెరపీ ఖర్చూ వస్తుంది. వరండాలో కూర్చున్న తల్లులను అడిగితే ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. గోడకో కాగితం అంటిస్తే పోయేదేముంది?

మొన్న అవ్వ కనిపించింది. సంగటి ఇంకా ముట్టడంట. ‘పొడిపిండి మాత్రం వదల్డు, ఇల్లంతా పిండే నాయనా’ అని విసుక్కుంది.