తల పట్టుకునే పని మాకు వదిలేయండి

ఆదివారం ఉదయం విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక హాలు. గాయపడినవారిని ఎలా కదపాలో నేర్పే శిక్షణ. దుప్పటి మీద పడుకున్న ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని నలుగురు ముసలివాళ్లం కలిసి పక్కకు దొర్లిస్తున్నాం. గుమ్మంలో ఫోనుతో వీడియో తీస్తున్న కుర్రాడు "తాతగారూ, ముందు మిమ్మల్ని ఎవరు మోస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఒళ్లు మండింది.

నాకు అరవై ఏడేళ్లు. ఎడమ మోకాలు వంచితే పాత తలుపులా చప్పుడు చేస్తుంది. ఎవరినో భుజాన వేసుకుని పరిగెత్తుతానని నేనేమీ అనలేదు. మాకు మొదటిరోజు నేర్పిందే వేరు. మంట, విషవాయువు, కూలబోయే గోడ, మీదికొచ్చే వాహనం లాంటి ముప్పేమీ లేకపోతే గాయపడిన మనిషిని కదపకండి, 108కి ఫోను చేయండి అన్నారు. ఆగడానికి కండలెందుకు?

మనవాళ్లకు రానిది ఆ ఆగడమే. కొన్నేళ్ల కిందట హనుమంతవాక దగ్గర బైకు మీద నుంచి పడిన ఒకాయనను ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు పట్టుకుని ఆటోలోకి ఎక్కించారు. తల వెనక్కి వేలాడుతోంది. స్పృహ లేని ఆ నోట్లో నీళ్లు పోయబోయింది ఎవరో కాదు, నేనే. అందరిదీ మంచి మనసే. మెడ ఎముక విరిగి ఉంటే ఆ మంచి మనసే వెన్నుపామును నలిపి మనిషిని జన్మంతా మంచాన పడేస్తుంది. ఆయన ఏమయ్యారో నాకు తెలియదు.

కదపక తప్పనప్పుడు, దొర్లించేటప్పుడు తల పట్టుకున్నవారి మాటే వేదం. (ఇంతకాలం తల పట్టుకోవడమంటే పిల్లల మార్కులు చూసి చేసే పనే అనుకున్నాను.) వారు "ఒకటి, రెండు, మూడు" అన్నాకే భుజం, నడుము, మోకాళ్ల దగ్గరున్నవారు కదలాలి. ఒళ్లంతా దుంగలా ఒక్కసారే తిరగాలి. మా బ్యాంకాయనకు చక్కిలిగిలి ఎక్కువ, మూడుసార్లు చెడగొట్టారు. ఒంటరిగా లాగాల్సి వస్తే, తల వైపు దుప్పటి అంచులు చుట్టి పట్టుకుని నేలబారుగా లాగాలి. గచ్చు మీద ఆయనను నేనొక్కడినే గుమ్మందాకా లాగాను. అప్పుడు ఆ వీడియో కుర్రాడు లేడు!

ఈ ఊళ్లో ఈ విద్య ఎందుకని అడగకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెట్లు కూల్చి దారులన్నీ మూసేసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషపు ఆవిరి కమ్మినప్పుడు, రోడ్డు మీద కుప్పకూలినవారిని చుట్టుపక్కలవాళ్లూ చేతుల మీద మోసుకుపోయారు. అలాంటి చోట ఆగకూడదు, లాగాల్సిందే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ లాగాలో ముందే తెలిసి ఉండాలంటున్నాను, అంతే.

పైగా పగలు పదకొండింటికి కాలనీలో ఉండేది ఎవరు? కుర్రవాళ్లు ఉద్యోగాల్లో ఉంటారు. స్నానాలగదిలో జారిపడిన పక్కింటావిడ దగ్గరికి ముందు చేరేది మేమే.

వచ్చే ఆదివారం మెట్ల మీదుగా కుర్చీలో దించడం నేర్పుతారట. మా అపార్ట్‌మెంటులో మెట్ల మలుపు దగ్గర ఎవరిదో పాత సోఫా, రెండు సైకిళ్లు ఏడాదిగా పడి ఉన్నాయి. అక్కడ కుర్చీ తిరగదు, నేను కొలిచి చూశాను. సంఘం పెద్దలకు రెండుసార్లు చెప్పాను. చూద్దామన్నారు.