తప్పుకోవాల్సింది సైకిలా, తగ్గాల్సింది వేగమా?

రాత్రి తొమ్మిది దాటాక హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులున్న వైపు ఏదో ఒక పెద్ద రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడి చూడండి. డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు, హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లు, బిల్డింగ్ పనుల కూలీలు సైకిళ్ల మీద ఇళ్లకు పోతుంటారు. చాలా సైకిళ్లకు వెనక లైటు ఉండదు. ఎడమవైపు వరసగా పార్క్ చేసిన కార్లు, కుడివైపు రయ్యిమని దూసుకుపోయే బళ్లు. మధ్యలో మిగిలిన మూరెడు జాగాలో వాళ్ల ప్రయాణం.

ఇలాంటి రోడ్ల మీదికి సైకిళ్లను అసలు ఎందుకు రానివ్వాలి అని అడిగేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టను. చీకట్లో ఉన్నట్టుండి ముందు సైకిల్ కనబడితే కారు నడిపేవారికి గుండె ఆగినంత పనవుతుంది. ఆ భయానికి కారణం ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోతే, అందులో 4,800 మందికి పైగా సైకిల్ తొక్కేవాళ్లే. అంటే రోజుకు 13 మంది.

అయినా సైకిల్ని రోడ్డు మీంచి దించేయడం పరిష్కారం కాదని నా గట్టి నమ్మకం. బళ్ల వేగం తగ్గించగలిగిన చోట తగ్గించాలి. తగ్గించలేని చోట సైకిల్‌కి వేరే దారి వేయాలి. ఈ రెండూ చేయకుండా ‘నువ్వే తప్పుకో’ అనడం అన్యాయం.

ఎందుకంటే రోడ్డు మీద సైకిల్ తొక్కేవారిలో ఎక్కువమంది సరదాకి తొక్కడం లేదు. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాకుండా మిగతా పనులు చేసేవారిని పనికి ఎలా వెళ్తున్నారని అడిగితే, దాదాపు 13 శాతం మంది సైకిల్ మీదేనన్నారు. స్కూటర్లు, మోటార్ సైకిళ్ల మీద వెళ్లేవారి కంటే అది కాస్త ఎక్కువే. ఆ తర్వాత ఊళ్లు మారాయి, కిస్తీల మీద బైకులు వచ్చాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా దేశంలో సగం ఇళ్లలో సైకిల్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు అమ్మాయిలకు ప్రభుత్వమే సైకిళ్లు పంచింది. మంచి పని. మరి ఆ పిల్ల బడికి ఏ రోడ్డు మీద పోవాలి? ఊరికీ బడికీ మధ్య హైవే అడ్డం ఉంటే?

నిషేధం ఎలా ఉంటుందో కోల్‌కతాలో చూశాం. ట్రాఫిక్ నెమ్మదిస్తోందని అక్కడి పోలీసులు 2013లో 174 రోడ్ల మీద సైకిళ్లను ఆపేశారు. ఎక్కువగా ఇబ్బంది పడింది పాలవాళ్లు, పేపర్ వేసేవాళ్లు, చిన్న చిన్న సరుకులు మోసేవాళ్లు. జనం గొడవ చేశాక ఆ జాబితాను కుదించాల్సి వచ్చింది. పని మానుకోలేనివాడికి నిషేధం పెడితే వాడు ఇంట్లో కూర్చోడు. సందుల్లోంచి చుట్టూ తిరిగి పోతాడు, లేదా జరిమానా భయంతో అదే రోడ్డు మీద ఇంకా కంగారుగా తొక్కుతాడు.

ఇక వేగం సంగతి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు ఎనిమిది మీటర్లు దాటుతుంది. 60లో పోతే పదహారు మీటర్లు దాటుతుంది. అంటే డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే సైకిల్ మీదికి వచ్చేస్తుంది. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుకే సైకిళ్లు, పాదచారులు, బళ్లు కలిసి తిరిగే చోట 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నెదర్లాండ్స్‌లో ఇంచుమించు ఇదే లెక్క. వేగ పరిమితి 30 ఉన్న వీధుల్లో అందరూ కలిసి పోతారు, 50 ఉన్న రోడ్లలో సైకిల్‌కి వేరే దారి ఉంటుంది. మన దగ్గరేమో 2018లో కేంద్రం మునిసిపల్ పరిధిలోని రోడ్లలో కార్లకు 70 దాకా అనుమతించింది. రాష్ట్రాలు దాన్ని తగ్గించుకోవచ్చు. హైదరాబాద్‌లో 2023లో తగ్గించారు కూడా, కాలనీ రోడ్లకు 30 అని పెట్టారు. మీ కాలనీలో ఆ బోర్డు ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

సైకిల్‌కి వేరే దారి అనగానే అందరూ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో మొదలైన సోలార్ ట్రాక్‌ను చూపిస్తారు. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. ఎండ పడదు, బళ్లు రావు. పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవారికి అది నిజంగా హాయి. కానీ అక్కడికి సైకిల్ తొక్కుకుంటూ చేరడమే కష్టం. కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని వస్తారు. నేను పైన చెప్పిన సెక్యూరిటీ గార్డుకి ఆ ట్రాక్ దారిలో పడదు. ఇంటికీ పనికీ మధ్య కలవని ట్రాక్ పార్కు లాంటిది. పార్కులూ కావాలి, వాటిని రవాణా లెక్కలో వేసుకోవద్దు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది హైవే. హైదరాబాద్–విజయవాడ రోడ్డునే తీసుకోండి. చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్ మీదుగా పోతుంటే రోడ్డుకి ఒక పక్క ఊరు, ఇంకో పక్క పొలాలు ఉన్న చోట్లు ఎన్నో. రెండు వరసల రోడ్డుగా ఉన్నప్పుడు అటూ ఇటూ చూసి దాటేవాళ్లు. నాలుగు వరసలయ్యాక మధ్యలో డివైడర్ వచ్చింది, దాటే చోట్లు తగ్గాయి. ఎదురుగా కనబడే తన చేనుకి పోవడానికి రైతు ఎక్కడో ఉన్న యూటర్న్ దాకా సైకిల్ తొక్కి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. ఆయన ఏం చేస్తాడు? రాంగ్ సైడ్‌లో వస్తాడు. గంటకు వంద వేగానికి అనుమతి ఉన్న రోడ్డు మీద, ఎదురుగా. ప్రమాదం జరిగితే ‘రాంగ్ సైడ్‌లో వచ్చాడు’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ దారి తప్ప ఆయనకు ఏం మిగిల్చారని ఎవరూ అడగరు.

ఇలాంటి వేగం ఉన్న ప్రధాన వరసల్లో సైకిల్ ఉండకూడదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ముందు సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ కట్టి, తర్వాతే ఆపాలి. ఈ వరస తారుమారవుతుందనే నా భయం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన సెక్షన్ 138(1ఎ) ప్రకారం, పాదచారులు, సైకిళ్ల లాంటివి రోడ్లు, హైవేలు ఎలా వాడుకోవాలో రాష్ట్రాలు నియమాలు చేసుకోవచ్చు. ఆరు నెలల్లో వాటిని చేయమని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ సెక్షన్‌తో సైకిల్‌కి దారి ఇవ్వొచ్చు, దారి మూసేయనూ వచ్చు. రెండోది ఖర్చులేని పని, ఒక్క బోర్డు పాతితే చాలు.

సైకిల్ తొక్కేవారి వైపు నుంచీ జరగాల్సింది ఉంది. ఒకప్పుడు డైనమో లైటు లేకుండా రాత్రిపూట పోతే పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేవాడు. ఆ కాలం మళ్లీ రావాలని కోరను కానీ, లైటు మాత్రం ఉండాలి. కూలీని ఆపి జరిమానా వేసే బదులు, వెనక ఒక ఎర్ర లైటు, నాలుగు మెరిసే స్టిక్కర్లు ఊరికే అంటించి పంపితే ఖర్చెంత? ఈ పని అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టర్లయినా చేయొచ్చు.

విజయవాడ హైవేని ఇప్పుడు ఆరు వరసలు చేయాలంటున్నారు. ఈసారి ప్లాన్‌లో ప్రతి ఊరి దగ్గరా దాటే దారి, సర్వీసు రోడ్డు పక్కన సైకిల్‌కి రెండు మీటర్ల జాగా ఉన్నాయో లేదో ఆ ఊళ్ల పంచాయతీలు కాగితం మీద ఉన్నప్పుడే చూసుకోవాలి. తారు పోశాక వినేవాళ్లు ఉండరు.