తివాచీ మీద మిగిలిపోయిన మైనపు చుక్కకు

ప్రభువునందు ప్రియులైన మైనపు చుక్క గారికి,

వందనాలతో వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం ప్రత్యేకంగా అడగనక్కరలేదు. నా గోళ్ళ సందుల్లో చూసుకుంటే తెలిసిపోతోంది.

నిన్న, అంటే డిసెంబర్ 28, క్రిస్మస్ తర్వాతి ఆదివారం, ఆరాధన ముగిశాక పన్నెండున్నరకు మీ ముందు మోకరించాను. లేచేసరికి నాలుగున్నర. న్యూజెర్సీలో ఆ వేళకు సూర్యుడు కూడా ఇంటికి వెళ్ళిపోతాడు. చర్చిలో నాలుగు గంటలు మోకాళ్ళ మీద ఉన్నానని ఫోనులో చెబితే మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని స్తోత్రం చెప్పింది. ప్రార్థనలో కాదమ్మా, తివాచీ గీకుతూ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మీరు రాలిన రాత్రి, అదే క్రిస్మస్ ముందు రాత్రి, సంగతి మీకు నేను చెప్పాలా? మూడు వందల మంది. దీపాలన్నీ ఆర్పి, ఒకరి వత్తి నుంచి ఒకరు వెలిగించుకుంటూ పాడే ఆ చివరి పాట. బులెటిన్‌లో ఏటా అదే వాక్యం, పెద్ద అక్షరాల్లో: వెలిగిన కొవ్వొత్తి నిటారుగా ఉండాలి, వెలగనిదే వంగాలి. ఇంతకన్నా సులువైన ఆజ్ఞను మోషే కూడా కొండ దిగి తేలేదు. నేను చూసినంతవరకు దాన్ని పాటించింది రెండో వరుసలో ఒక ఏడేళ్ళ పిల్ల. మిగిలినవారందరూ పక్కవారికి వెలుగు పంచాలన్న ప్రేమ పొంగిపొర్లి, మండుతున్న కొవ్వొత్తినే వంచారు. వంగిన ప్రతి కొవ్వొత్తి నుంచి మీరు దిగారు.

పెట్టె మీద మాత్రం ‘కారవు’ అని రాసి ఉంటుంది. కొవ్వొత్తి నడుముకు తొడిగే ఆ కాగితపు బిళ్ళ గురించి మాట్లాడటం కూడా దండగ. ఎండాకాలంలో కొన్న గొడుగు లాంటిది, వాన వచ్చేదాకా దాని అంత ధీమా ఎవరికీ ఉండదు.

మీ సేవ ఎలా చేశానో వినండి. ముందు సంచిలో మంచుముక్కలు వేసి మీ నెత్తిన పెట్టాలి. మీరు బిగుసుకుంటారు. అప్పుడు ప్లాస్టిక్ గరిటె అంచుతో గీకితే పెళుసుగా లేస్తారు. లేచినదంతా మీరే కాదు, సగం తివాచీ నూలు. మిగిలిన మరక మీద మందపాటి కాగితపు సంచి పరిచి, సన్నని వేడితో ఇస్త్రీ పెట్టె ఆనించాలి. మిరపకాయ బజ్జీల పొట్లానికి నూనె అంటినట్టు మీరు కాగితంలోకి తేలివస్తారు. ఆ మరక చూడగానే నాకు ఆకలి వేసింది. కాఫీ బల్ల దగ్గరికి వెళితే ఉన్నది క్రిస్మస్ నాటి బిస్కట్లు, వాటిలోనూ అల్లంవి మాత్రమే. మళ్ళీ వచ్చి మోకరించాను. ఇలా నూట పద్నాలుగు చోట్ల. లెక్క ఎందుకు పెట్టానంటే కోపం చల్లారిపోకూడదని.

బలిపీఠాన్ని, ఆరాధన సామానును చూసుకునే ఆల్టర్ గిల్డులో మేము ఐదుగురం. నేను అందులో ఎలా చేరానో కూడా చెప్పుకోవాలి: ఆరేళ్ళ కిందట ఒకసారి, అగ్గిపెట్టె ఎక్కడ ఉంటుందని అడిగాను. నిన్న ఆ ఐదుగురిలో ఒకరు ఫ్లోరిడాలో ఉన్నారు. ఇద్దరికి మోకాళ్ళ ఆపరేషన్లు అయ్యాయి. నాలుగో ఆవిడ ‘నీ అంత ఓపిక మాలో ఎవరికీ లేదమ్మా’ అని నన్ను మెచ్చుకుని, కప్పులు కడగడానికి వెళ్ళి, అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయింది.

మా చర్చి పాస్టరు, రెక్టరమ్మ, సెలవులో ఉన్నారు. ఆర్గన్ వాయించే ఆయన సెలవు. కోయిర్ సెలవు. రిటైరైన అయ్యగారు ఒకాయన వచ్చి ఆరాధన నడిపించారు. ఆంగ్లికన్ సంఘానికి అమెరికా శాఖ అయిన మా ఎపిస్కోపల్ చర్చిలో ఈ ఆదివారం ఏ ఏడైనా యోహాను మొదటి అధ్యాయమే చదువుతారు, కాబట్టి ఆయన ప్రసంగం ఎన్నేళ్ళ కిందట రాసుకున్నదో అడగడం మర్యాద కాదు. వెలుగు చీకటిలో ప్రకాశిస్తున్నదని ఆయన చెబుతుంటే నా చూపు నడవలోనే ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండలో మీరు కూడా ప్రకాశిస్తున్నారు.

ఊరంతా నవంబరు నుంచి క్రిస్మస్ పాటలు పాడుతుంటే మేము క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఆగమన కాలం అంటూ నోరు మూసుకుని కూర్చుంటాం. ఊరు చెట్టు తీసి రోడ్డు పక్కన పారేశాక పన్నెండు రోజుల పండుగ మొదలైందని గొంతెత్తుతాం. అప్పటికి పాడటానికి ముప్పై ఒక్క మంది ఉంటారు. అది మా ఖర్మ, మీ తప్పు కాదు.

కానీ మూడో వరుసలోని మోకాళ్ళ దిండు సంగతి వేరు. ఒకప్పుడు ఈ చర్చి ఆడవారు ఇంట్లో కూర్చుని, ఉన్ని దారంతో ఒక్కో కుట్టూ లెక్కపెట్టి కుట్టిన దిండ్లవి. దాని మీద రొమ్ము పొడుచుకుని పిల్లలకు రక్తం పట్టే పెలికాన్ పక్షి. ఆ పక్షి కంట్లో పడ్డారు మీరు. మంచు పెడితే ఉన్ని తడుస్తుంది, ఇస్త్రీ పెడితే రంగు దిగుతుంది. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, గుండుసూదితో, ఒక్కో కుట్టు సందులోంచి, నలభై నిమిషాలు తవ్వాను. నల్ల దారం ఒకటి తెగింది. ఇప్పుడు ఆ పక్షికి మెల్లకన్ను.

ఇక ఈ ‘గారు’లూ ‘మీరు’లూ చాలు. నీకు సిగ్గుందా? ఇంత పెద్ద చర్చిలో నీకు రాలడానికి ఇంకెక్కడా చోటే దొరకలేదా?

నిన్ను అని ఏం లాభంలే. తిన్నవారు చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు, విస్తళ్ళెత్తేవారం మిగిలాం. పైగా లెక్క చూడు. మేము ఏటా పైవారికి పంపే నివేదికలో ఆదివారపు సగటు హాజరుకు ఒక గడి ఉంటుంది. ఈసారి 24 బుధవారం పడింది. కాబట్టి ఆ మూడు వందల మంది ఆ గడిలోకి రారు. 28 ఆదివారం. మేము ముప్పై ఒక్కరం వస్తాం, వచ్చి సగటును కిందికి లాగుతాం. జనవరిలో వార్షిక సమావేశం పెట్టి, ఆ అంకె చూసి వెస్ట్రీ, అంటే చర్చి కమిటీ, సభ్యులు నుదురు రుద్దుకుంటారు. కాగితం ప్రకారం ఈ క్రిస్మస్‌కు చర్చిని నష్టపరిచినవారం మేమే. మైనం రాల్చినవారికి గడి లేదు. గీకినవారికీ లేదు.

నాది డోర్నకల్ డయోసీస్. ఈ వారం విలువ నాకెవరూ నేర్పనక్కరలేదు. 1912లో డిసెంబర్ 29న, కలకత్తాలో అజరయ్య గారిని ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకించారు. ఆయన కట్టించిన మా పెద్ద గుడి పేరే ఎపిఫనీ కతీడ్రల్, ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న, సరిగ్గా ఎపిఫనీ, అంటే జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండుగ, రోజునే. అంత చరిత్ర ఉన్న వారంలో నేను తివాచీకి ఇస్త్రీ చేశాను.

మా ఊరి చిన్న గుడిలో నువ్వు రాలినా ఎవరికీ బాధ ఉండేది కాదు. కింద నాపరాయి, మీద చాపలు. పొద్దున్నే పిల్లలం పోటీపడి గోళ్ళతో నిన్ను ఊడదీసి, ఉండ చేసి, అందులో పాత దారం పెట్టి మళ్ళీ వెలిగించేవాళ్ళం. కొట్లాట నీకోసమే. ఎవరి ఉండ పెద్దదో వారిదే ఆ ఏటి క్రిస్మస్. అప్పుడు నూట పద్నాలుగు చుక్కలు దొరికి ఉంటే నన్ను పట్టుకోగలిగేవారు లేరు.

ఫిబ్రవరి 2న కొవ్వొత్తులను దీవించే పండుగ ఉంది. ఈసారి ఊరేగింపు కూడా పెడదామని రెక్టరమ్మ సెలవులోంచే సందేశం పంపారు. వెళ్ళేది ఇదే నడవలోంచి. నేను ‘ఆమేన్’ అని జవాబు పెట్టాను, ఇంకేం పెడతాను.

నూట పద్నాలుగు అన్నాను కదా, గీకింది నూట పదమూడే. చివరి వరుసలో, గోడ పక్కన, బల్ల చెక్క మీద ఒక చుక్క ఉంది. ఇంకా మెత్తగా ఉన్నప్పుడు ఎవరో దానిలో బొటనవేలు నొక్కారు. చాలా చిన్న వేలు. గీతలన్నీ స్పష్టంగా పడ్డాయి. గరిటె ఆనించి, తీసేశాను.

క్షమించానని అనుకోకు. గరిటె అంచు అరిగిపోయింది, అంతే.

ఇట్లు,
అగ్గిపెట్టె ఎక్కడుందో ఇప్పుడు బాగా తెలిసిన
ఆల్టర్ గిల్డు సభ్యురాలు