మనోవ్యాధికి మందు, పెద్దలకు మాత్రమే

కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల పిల్లల మనసు దెబ్బతిందని కొందరు ఇంకా అంటూనే ఉన్నారు. బాధ్యత గల అపార్ట్‌మెంటు వాసిగా నేను దీన్ని ఖండిస్తున్నాను. అసలు మనసనేది ఇంటర్లో చేరాక గానీ రాదు. వచ్చినా ఎంసెట్ అయ్యేదాకా బయటికి తియ్యకూడదు.

పిల్లలకి మనమేం తక్కువ చేశాం? 2020 మార్చిలో బళ్ళు మూశాం. తర్వాత అవసరాన్ని బట్టి ఒక్కోటీ తెరుచుకుంటూ వచ్చాం. తెలంగాణలో మే 6న వైన్ షాపులు తెరిచాం. పెద్దవాళ్ళకి మనసుంటుంది కదా, నెలన్నరకే విలవిల్లాడిపోయింది. మనోవ్యాధికి మందు లేదన్న సామెత ఆ రోజు క్యూలో నిలబడి తప్పని తేల్చేశాం. జూన్ 8న గుళ్ళూ హోటళ్ళూ. డిసెంబరు 1న హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలొస్తే బళ్ళు కూడా తెరిచాం. మా వీధి చివరి బడిలో, రెండో తరగతి గదిలోనే నేను వేలికి సిరా వేయించుకొచ్చాను. ఆ రెండో తరగతి పిల్లాడు మాత్రం మా పక్క ఫ్లాట్ బాల్కనీలో గ్రిల్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత సినిమా హాళ్ళు. చిన్న క్లాసుల వంతు 2021 సెప్టెంబరు 1న వచ్చింది. ఏడాదిన్నర కూడా నిండలేదు, దానికే ఇంత గోలా!

పైగా ఫోన్ లేనివాళ్ళకి టీవీలో పాఠాలు పెట్టాం. టీవీ అయితే మధ్యలో చెయ్యెత్తి ప్రశ్నలడగరు, అదో సుఖం.

పక్క ఫ్లాట్ పిల్లాడి సంగతే చూడండి. అన్నం తినరా అంటే "నీ వాయిస్ బ్రేక్ అవుతోంది అమ్మమ్మా" అనడం నేర్చాడు. వాడు టీచరుకి నెట్ లేదని చెప్పేవాడు, వాళ్ళ నాన్న వాడికి మీటింగులో ఉన్నానని చెప్పేవాడు. ఇల్లే బడి అంటే అదే. ఏడేళ్ళొచ్చాక మళ్ళీ పక్క తడుపుతున్నాడని వాళ్ళమ్మ మా ఆవిడతో మెల్లగా చెప్పుకుంది. మంచినీళ్ళు ఎక్కువ తాగుతున్నాడని నేను నిర్ధారించాను.

ఈ విషయంలో దేశం నా వెంటే ఉంది. మనసు బాగోనప్పుడు ఒకరి సాయం తీసుకోవడం మంచిదేనా అని యునిసెఫ్ వాళ్ళు 21 దేశాల కుర్రకారుని అడిగారు. సగటున 83 శాతం మంది మంచిదే అన్నారు. మనవాళ్ళలో 41 శాతమే. 2021లో ఈ లెక్క చూసి మా అసోసియేషన్ మీటింగులో చప్పట్లు కొట్టాం.

ఆ మీటింగు సెల్లార్లోనే, మాస్కులు గడ్డానికి దించుకుని పెట్టుకున్నాం. అదే సెల్లార్లో అంతకుముందు పిల్లలు బంతాట ఆడితే వైరస్ వస్తుందని బంతి లాక్కున్నది నేనే. అది ఇప్పటికీ మా చెప్పుల స్టాండులో ఉంది. మొన్న తిరిగిచ్చేద్దామని పక్కింటి తలుపు కొట్టాను. వాడికి నూనూగు మీసాలొచ్చాయి. ఫోన్లోంచి తలెత్తకుండానే "వద్దంకుల్, నేను బయటికి రాను" అన్నాడు.

ఎంత బుద్ధిమంతుడయ్యాడో!