గోపాల్‌పూర్ బంగళాలు: పదకొండు నెలల ఒప్పందం, వందేళ్ల పైకప్పు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూనుకు ఓడలు నడిచిన కాలంలో, గంజాం తెలుగు కూలీలు ఆ ఓడలెక్కి వలస పోతుండగా, అదే తీరాన వర్తకులకూ దొరలకూ బంగళాలు లేచాయి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి.

ఇలాంటి పాత బంగళాలోకి ఇప్పుడు చిన్న దుకాణమో, కాఫీ హోటలో రావడం మంచిదే. తాళం పడిన ఇల్లు ఉప్పుగాలికి ఎంతోకాలం నిలవదు. రోజూ తలుపులు తెరిచి, నీరు కారే చోటును గమనించే మనిషి ఉండటమే సగం మరమ్మతు. అయితే మనం పునరుద్ధరణ అని మురిసిపోయేది తరచుగా వరండా రంగునూ, వేలాడే దీపాలనూ చూసి. ఇంటి ఆయువు పైకప్పులో ఉంది. ఆనాటి మద్రాసు టెర్రస్ పద్ధతిలో టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో బిగించి, పైన సున్నపు కాంక్రీటు దట్టించేవారు. సున్నం తేమను బయటికి పోనిస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, ఉప్పు పొంగి, ఇటుక పొడిగా రాలుతుంది. గోడలో దిగిన దూలాల కొసలు కుళ్లుతాయి. మొదట్లో మాత్రం పని చక్కగానే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

సిమెంటు పూయించిన అద్దెదారును తప్పుపట్టడం తేలిక. అతని చేతిలో ఉన్నది సాధారణంగా పదకొండు నెలల ఒప్పందం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి కనుక, ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని ఇరుపక్షాలూ పదకొండు నెలలతో సరిపెట్టుకుంటాయి. వచ్చే ఏడు ఉంటాడో లేడో తెలియనివాడు కప్పు విప్పించి సున్నపు పని చేయించడు. ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకుపోగల బల్లలకూ, కాఫీ యంత్రానికీ డబ్బు పెడతాడు. ఇక వాటాలు తేలని ఇంటి మీద ఏ అన్నదమ్ముడు ముందుగా చేయి వేస్తాడు?

చిలికా ఒడ్డున కలెక్టర్ స్నాడ్‌గ్రాస్ కట్టించిన రంభ ప్యాలెస్ వారసత్వ హోటలుగా నిలబడింది గదా అనవచ్చు. అంతటి పెట్టుబడి నాలుగు గదుల బంగళాకు రాదు. దానికి కావలసింది పదేళ్ల లీజు, పాత పద్ధతిలోనే మరమ్మతు చేయించాలన్న షరతు, ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకునే వీలు. అలాంటి లీజులకు రిజిస్ట్రేషన్ రుసుములో ప్రభుత్వం రాయితీ ఇస్తే ఇరుపక్షాలూ ముందుకొస్తాయి. తుపానుకు కప్పు దెబ్బతింటే భారం ఎవరిదో కూడా ఆ పత్రంలోనే తేల్చుకోవాలి; 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే.