నరకాన్ని కోరుకున్నదెవరు?

నరకం ఎందుకుందని అడిగితే మనలో చదువుకున్నవారు వెంటనే చెప్పే జవాబు ఒకటుంది: జనాన్ని భయపెట్టి అదుపులో ఉంచుకోవడానికి పూజారులూ పాలకులూ కలిసి దాన్ని కల్పించారని. ఈ జవాబు తప్పని నా దృఢమైన అభిప్రాయం. నరకాన్ని మొదట కోరుకున్నవాడు గద్దె ముందు నిలబడి న్యాయం అడిగి, దొరక్క వెనక్కి తిరిగిన మనిషి. ఏ మతాన్ని తీసుకున్నా, ఆ ఆలోచన బలపడిన కాలాన్నీ, అందులోకి ఎవరెవరిని పంపారన్న జాబితానూ శ్రద్ధగా పరిశీలిస్తే ఈ సంగతి బోధపడుతుంది.

యూదుల ప్రాచీన గ్రంథాల్లో చాలాభాగం మనమెరిగిన నరకం గురించి మాట్లాడదు. మంచివారైనా చెడ్డవారైనా చనిపోయాక షియోల్ అనే చీకటి లోకానికే చేరతారు; పాపపుణ్యాల లెక్క ఈ లోకంలోనే, పంటలోనూ సంతానంలోనూ ఆయుష్షులోనూ, తేలిపోతుందన్నది నాటి నమ్మకం. క్రీ.పూ. 2వ శతాబ్దంలో సిరియాను ఏలిన గ్రీకు రాజు నాలుగో ఆంటియోకస్ యూదుల ఆచారాలను నిషేధించి, తమ ధర్మశాస్త్రాన్ని విడిచిపెట్టబోమన్నవారిని చంపించినప్పుడు ఆ లెక్క తలకిందులైంది. ధర్మానికి కట్టుబడినందుకే మనిషి చచ్చాడు, దాన్ని వదులుకున్నవాడు సుఖంగా బతికాడు. పండితులు ఆ కాలానిదిగానే భావించే దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో, మట్టిలో నిద్రించేవారు లేస్తారనీ, కొందరు నిత్యజీవానికీ మరికొందరు నిత్యమైన అవమానానికీ పోతారనీ స్పష్టమైన మాట వినిపిస్తుంది. ఆ మాట రాజు చెప్పించినది కాదు. రాజు చేతిలో చచ్చినవారి తరఫున పుట్టినది.

మన పురాణాల్లో ఈ సంగతి ఇంకా గట్టిగా కనబడుతుంది. భాగవతం పంచమ స్కంధం చివరి అధ్యాయం 28 నరకాలను పేర్కొని, ఏది ఎవరికో చెబుతుంది. పరుల సొమ్మును, భార్యను, బిడ్డలను అపహరించినవాడికి తామిస్రం. శిక్షార్హుడు కానివాణ్ణి శిక్షించిన రాజుకూ రాజపురుషుడికీ సూకరముఖం. అక్కడ వాణ్ణి చెరకుగడను గానుగలో పెట్టినట్టు నలుగగొడతారు. ఊళ్లను దోచి, ఇళ్లకు నిప్పుపెట్టినవాడు దొంగయినా, రాజయినా, రాజభటుడయినా 720 కుక్కల పాలు. ధర్మపు గట్లను తెంచిన పాలకులకూ అధికారులకూ వైతరణి. సాక్ష్యంలోనూ లావాదేవీల్లోనూ అబద్ధమాడినవాణ్ణి నూరు యోజనాల ఎత్తున్న కొండ మీది నుంచి తలకిందులుగా తోసే చోటు అవీచి. రాజూ, రాజపురుషుడూ అన్న మాటలు ఇన్నిసార్లు రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఇళ్లు తగలబడినవారూ, తప్పుడు సాక్ష్యంతో పొలం పోగొట్టుకున్నవారూ చెప్పుకున్న ఫిర్యాదులు అలా పేరుపేరునా నమోదైనట్టున్నాయి.

ఈ వాదానికి అన్నిటికంటే బలమైన సాక్షి మన నెల్లూరువాడే. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి భారతంలో విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను తెలుగు చేశాడు. వాటిలో చివరిదైన స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్లగానే చూసేది దుర్యోధనుడి వైభవాన్ని. తన తమ్ముళ్లు, ద్రౌపది, కర్ణుడు ఎక్కడున్నారని అడిగితే దుర్గంధం నిండిన దారిలో నరకానికి తీసుకుపోతారు. వారి ఆర్తనాదాలు విన్న ధర్మరాజు దేవతలనూ ధర్మాన్నీ నిందించి, ఇక స్వర్గానికి రానని, వారితో అక్కడే ఉంటానని తేల్చి చెబుతాడు. అప్పుడు ఇంద్రుడు వచ్చి, రాజులందరూ నరకాన్ని చూడక తప్పదని వ్యాసుడి మూలంలో అంటాడు. ద్రోణుణ్ణి కొడుకు పేరుతో మోసపుచ్చినందుకు ధర్మరాజు కూడా ఆ నరకాన్ని చూడవలసి వచ్చింది. దుర్యోధనుడి స్వర్గానికీ ఇంద్రుడే కారణం చెబుతాడు: పాపం ఎక్కువున్నవాడు తన కొద్దిపాటి పుణ్యాన్ని ముందు అనుభవించి ఆ తరువాత నరకానికి పోతాడు. ఊళ్లో అక్రమార్జనపరుడు మేడ మీద మేడ కట్టుకుంటుంటే చూస్తూ పేదవాడు వేసుకునే ప్రశ్నకు ఇంతకంటే సూటి సమాధానం ఏ శాస్త్రంలోనూ నాకు కనబడలేదు. రాజసేవలో బతికిన మంత్రి ఈ పర్వాన్ని తన భాషలోకి తెచ్చి లోకానికి అప్పగించాడన్నది నన్ను కదిలించే విషయం.

అవతలివారి వాదంలో నిజం లేకపోలేదు. అదే భాగవత అధ్యాయంలో వేదమార్గం తప్పినవాడికి అసిపత్రవనం ఉంది. బ్రాహ్మణుడి ఒంటిపై దండన విధించడాన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు. ఐరోపాలో మరణానంతర శిక్షను తగ్గిస్తామంటూ పత్రాలు అమ్ముకున్నారు. 1517లో జర్మనీ క్రైస్తవ సన్యాసి మార్టిన్ లూథర్ ఎదురుతిరిగింది ఆ అమ్మకానికే. నరకం ఒక అధికారంగా మారిన తరువాత దాన్ని చేజిక్కించుకున్నవారు ఉన్నారని ఒప్పుకుంటాను. అయితే ఒక వస్తువును దొంగిలించినవాడు దాన్ని తయారుచేసినవాడు కాడు.

అదీగాక, మన ప్రాంతపు భక్తిలో నరకభయం పాలు ఎంత? మొహర్రం సమయంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా వద్ద రొట్టెలు మార్చుకునే లక్షల మంది కోరేది ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె. హిందువులైనా ముస్లింలైనా కోరికలన్నీ ఈ లోకానివే. నరకం పేరు నోటికి వచ్చేది ఎవరో అన్యాయం చేసినప్పుడు. గట్టు జరిపి చేనును కలుపుకున్న మోతుబరి ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తిపోసే స్త్రీ తన పాపాన్ని తలచుకొని వణకడం లేదు. చేతనైన ఒకే ఒక్క తీర్పు ఇచ్చి పోతోంది.

ఖురాన్ 83వ అధ్యాయం, తాము కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకొని ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదన్న హెచ్చరికతో మొదలవుతుంది. కాటా దగ్గర పుట్టికి ఇంతని తరుగు పోగొట్టుకునే నెల్లూరు వరి రైతుకు ఆ వాక్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. అనాథల ఆస్తిని తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారని 4వ అధ్యాయం, డబ్బు కూడబెట్టి లెక్కపెట్టుకునేవాణ్ణి నుగ్గుచేసే అగ్నిలో పడవేస్తారని 104వ అధ్యాయం చెబుతాయి. బైబిల్లోని లూకా సువార్తలో చనిపోయాక యాతన పడే ధనవంతుడు హత్య చేశాడనిగాని, దొంగతనం చేశాడనిగాని కథలో లేదు. తన వాకిట్లో కురుపులతో పడివున్న లాజరును పట్టించుకోకుండా రోజూ విందులు చేసుకున్నాడు. 1876–78 కరువు తరువాత, 1878 జూలై 3న ఒంగోలుకు చేరువలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ జాన్ క్లౌ కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి ఇప్పించినవారు వేలమంది. బాప్తిస్మం పొందినవారిని నరకభయం నదిలోకి దించిందని చెప్పేవారు ఒక్కసారి ఆలోచించాలి: కరువునూ అంటరానితనాన్నీ ఒళ్లంతా అనుభవించినవారికి కొత్తగా చూపించి బెదిరించడానికి ఏం మిగిలింది? వాకిట్లో పడివున్నవాడి పక్షాన దేవుడు తీర్పు చెప్పిన కథే వారికి దగ్గరైందని నా నమ్మకం.

శిక్షకు అంతం ఉండాలా వద్దా అన్నచోట మతాలు విడిపోతాయి. బౌద్ధ, జైన, పౌరాణిక నరకాలన్నీ ఎంత దీర్ఘమైనా ముగిసేవే; యూదుల ధర్మనియమాల సంకలనమైన మిష్నా, గెహిన్నోమ్ అనే నరకంలో తీర్పుకు 12 నెలలే పెట్టింది; ప్రాచీన ఇరాన్ మతస్థులైన జొరాస్ట్రియన్లు కాలాంతంలో అందరూ శుద్ధులవుతారంటారు. క్రైస్తవంలో తొలి శతాబ్దాల మతపండితుడు ఆగస్టీన్ నిత్య శిక్షను సమర్థించాడు, అతనికి ముందే ఆరిజెన్ అనే మరో పండితుడు చివరికి అందరూ తిరిగివస్తారని ఆశించాడు. నేను ముగింపు ఉన్న నరకం వైపే నిలబడతాను, ఎందుకంటే నేరానికి తూగని శిక్ష మరో అన్యాయం.

ఇంతకీ ఈ చర్చ నాకు ముఖ్యం కావడానికి కారణం ఈ లోకపు కోర్టులు. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను వేటాడి చంపారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది. ఆ 23 ఏళ్లలో చనిపోయిన తల్లిదండ్రులు ఎక్కడ న్యాయం జరుగుతుందని అనుకొని కన్నుమూసి ఉంటారు? తీర్పు ఆలస్యమైన ప్రతి ఏడూ నరకం మీద నమ్మకాన్ని పెంచుతుంది, అలా పెరిగిన నమ్మకం ప్రభుత్వాలకు సౌకర్యంగా ఉంటుంది. పైన ఎవరో చూసుకుంటారని బాధితుడు సరిపెట్టుకుంటే కింద ఎవరూ చూడనక్కరలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు అలా సరిపెట్టుకోలేదు. సారా కాంట్రాక్టర్లను వాళ్ల పాపానికి వదిలేసి ఇంటికి పోకుండా, అక్షరాస్యతా కేంద్రాల్లో కూడుకొని దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా అంతటా పాకి వేలం పాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. శాపం పెట్టే హక్కునూ, అధికారిని నిలదీసే హక్కునూ ఆ మహిళలు ఒకటిగానే వాడుకున్నారు.

కారంచేడు తరువాత 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ప్రత్యేక కోర్టులు సాధ్యమైనంతవరకు అభియోగపత్రం దాఖలైన రెండు నెలల్లో కేసు తేల్చాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ గడువు ఎన్ని కేసుల్లో పాటించారో, ఎన్నిటిలో ఎందుకు దాటిందో, సాక్షులు ఎందరు మాట మార్చారో ప్రతి ఏటా ప్రజల ముందు పెట్టాలని జిల్లా యంత్రాంగాన్ని నేను కోరుతున్నాను. ఆ వివరాలను తెలుగులో, ప్రతి గ్రామ సచివాలయంలో గోడ మీద అంటించాలి.